బడి గంట కొట్టినా ఆగని ఎగతాళి: విద్యార్థులు, సెల్‌ఫోన్లు, మన బాధ్యత

విద్యార్థులు ఒకరినొకరు ఏడిపించుకోవడం కొత్తగా పుట్టింది కాదు. పేరును వంకరగా పలకడం, నల్లగా ఉన్నావనో లావుగా ఉన్నావనో అనడం, తండ్రి చేసే పనిని బట్టి మారుపేరు పెట్టడం, ఆటలో కలుపుకోకపోవడం, ఇవన్నీ మా తరం బళ్లోనూ ఉన్నాయి. అయితే ఆ రోజుల్లో సాయంత్రం గంట కొట్టగానే ఆ గోల గేటు దగ్గర ఆగిపోయేది. ఇల్లు చేరిన పిల్లవాడికి అమ్మ చేతి అన్నం, రాత్రి నిద్ర, మర్నాటికి కాస్త మర్చిపోయే వీలు ఉండేవి. ఇప్పుడు ఆ వీలు లేదు. ఎగతాళి పిల్లవాడి జేబులోనే కూర్చుని ఇంటికి వస్తోంది, దిండు పక్కన పడుకుంటోంది, తెల్లవారుజామున అతనికంటే ముందే లేస్తోంది.

ఈ సంచిక చదివే దాతల్లో చాలామంది ఏటా పిల్లల ఫీజులకు, పుస్తకాలకు, స్కాలర్‌షిప్పులకు సాయం చేస్తున్నవారు. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ పాఠాల కోసం ఫోన్లు, ట్యాబ్‌లు కొనిచ్చినవారూ మీలో ఉన్నారు. ఆ సాయం వల్ల ఎందరి చదువో నిలబడింది. అదే ఫోన్ వల్ల కొందరి చదువు మధ్యలో ఆగిపోయే ప్రమాదమూ ఉంది. అది ఎలా జరుగుతుందో, ఎలా ఆపవచ్చో ఉపాధ్యాయులుగా మేము తెలుసుకున్నంత మేరకు ఇక్కడ వివరిస్తున్నాం.

వేధింపు అని దేన్ని అంటాం?

ఇద్దరు పిల్లలు కొట్లాడుకుని ఒకరినొకరు తిట్టుకుంటే అది తగాదా. సాయంత్రానికి కలిసిపోతారు. వేధింపు వేరు. నార్వేలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వియస్ 1970ల నుంచి బడిపిల్లల మధ్య వేధింపును అధ్యయనం చేసి మూడు గుర్తులు చెప్పారు. ఒకటి, కావాలని బాధపెట్టడం. రెండు, మళ్లీ మళ్లీ చేయడం. మూడు, బలాల్లో తేడా ఉండటం, అంటే బాధపడేవారు ఎదురు తిరగలేని స్థితిలో ఉండటం. ఈ మూడూ ఫోన్, ఇంటర్నెట్ ద్వారా జరిగితే దాన్ని సైబర్ వేధింపు అంటున్నాం.

మా తరగతుల్లో ఇది రకరకాలుగా కనిపిస్తుంది. తరగతి మొత్తానికీ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఒక్కరిని మాత్రం తీసేసి వేరే గ్రూపు పెట్టుకుని వారి మీద జోకులు వేయడం. ఒకరితో నమ్మకంగా పంచుకున్న మాటను స్క్రీన్‌షాట్ తీసి పదిమందికి పంపడం. ఒక అమ్మాయి పేరుతో ఫేక్ ఐడీ తెరిచి ఆమె మాట్లాడినట్లు అబ్బాయిలకు మెసేజ్‌లు పెట్టడం. క్లాసులో నత్తిగా చదివిన పిల్లవాడి వీడియోకు పాట కలిపి స్టేటస్‌గా పెట్టడం. ఫొటోలను మార్ఫింగ్ చేయడం. ఆన్‌లైన్ ఆటలో ఓడినవాణ్ణి అందరూ కలిసి బూతులు తిట్టడం. వీటిలో చాలా వాటిని చేసిన పిల్లలు “ఊరికే సరదాకి చేశాం టీచర్” అనే చెబుతారు. వారు అబద్ధం చెప్పడం లేదు. వారికి అది నిజంగా సరదాగానే అనిపించింది. ఎందుకు అలా అనిపించిందో తెలుసుకోవడమే ఈ వ్యాసంలో ముఖ్యం.

ఫోన్ పిల్లల చేతికి ఎలా వచ్చింది?

2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలయ్యాక మన దేశంలో మొబైల్ డేటా ధర బాగా పడిపోయింది. అంతకుముందు నెలకు సరిపెట్టుకున్న డేటా ఒక్కరోజులో వాడే పరిస్థితి వచ్చింది. ఆటో నడిపే ఇంట్లో, కూలి పనికి వెళ్లే ఇంట్లో కూడా స్మార్ట్‌ఫోన్ చేరింది. అయినా అది తండ్రి ఫోనో, అన్న ఫోనో. పిల్లలు అడిగి తీసుకునేవారు.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు మొదలయ్యాయి. హోంవర్కు వాట్సాప్‌లో వచ్చేది. ప్రైవేటు బడుల్లో పాఠమే ఫోన్‌లో నడిచింది. అలా చదువు పేరుతో ఫోన్ పిల్లల సొంతమైంది. పుస్తకం ఎలా చదవాలో మనం పిల్లలకు ఏళ్ల తరబడి నేర్పుతాం. ఫోన్‌లో నలుగురితో ఎలా మెలగాలో నేర్పేంత వ్యవధి ఆ రోజుల్లో ఏ ఇంటికీ, ఏ బడికీ దొరకలేదు. బడులు తెరిచాక ఫోన్ మాత్రం తిరిగి పెద్దల చేతికి రాలేదు.

సాంకేతికత ఏం మార్చింది?

పిల్లల మనసులు చెడిపోయాయని అంటుంటారు. మేము అలా అనుకోం. పిల్లల్లో ఉన్న కొంటెతనం, అసూయ, గుంపులో కలవాలనే తపన ఎప్పుడూ ఉన్నవే. వాటికి ఫోన్ అయిదు కొత్త బలాలు ఇచ్చింది.

మొదటిది వేళ. ముందే చెప్పినట్లు, బడి వేళలతో దీనికి పని లేదు. రాత్రి పదకొండుకు కూడా మెసేజ్ వస్తుంది. ఇల్లు అనే ఆశ్రయం పోయింది.

రెండోది చూసేవారి సంఖ్య. తరగతిలో ఎగతాళి చేస్తే నలభై మంది వింటారు. గ్రూపులో పెడితే బంధువులు, చుట్టుపక్కల వీధులు, ట్యూషన్ పిల్లలు అందరూ చూస్తారు. ఫార్వర్డ్ చేయడానికి రెండు సెకన్లు చాలు. పుకార్ల వల్ల మూకదాడులు జరిగాక, 2018 జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి అయిదు చాట్‌లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. అయిదు గ్రూపులకు పంపినా తక్కువేమీ కాదు. పైగా, ఓల్వియస్ చెప్పిన ‘మళ్లీ మళ్లీ’ అనే గుర్తుకు ఇక్కడ అర్థం మారిపోయింది. చేసినవాడు ఒక్కసారే పెడతాడు. ఫార్వర్డ్ అయిన ప్రతిసారీ ఆ పిల్ల మళ్లీ అవమానపడుతుంది. ఒక్కసారే కదా చేశాను అనే మాట ఇక్కడ చెల్లదు.

మూడోది చెరిగిపోకపోవడం. నోటిమాట గాలిలో కలిసిపోతుంది. స్క్రీన్‌షాట్ పోదు. పెట్టినవాడు పశ్చాత్తాపపడి తీసేసినా, అప్పటికే ఎవరి ఫోన్‌లో దాచారో చెప్పలేం. ఏడో తరగతిలో జరిగినది ఇంటర్‌లో మళ్లీ బయటకు రావచ్చు.

నాలుగోది ముఖం కనిపించకపోవడం. ఎదురుగా నిలబడి ఏడిపిస్తే ఎదుటివాడి కళ్లలో నీళ్లు కనిపిస్తాయి. చాలామంది పిల్లలు అక్కడితో ఆగిపోతారు. తెర మీద ఆ నీళ్లు కనిపించవు. నవ్వుతున్న ఎమోజీలే కనిపిస్తాయి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ సులర్ 2004లో దీని గురించి ఒక వ్యాసం రాశారు. పేరు దాచుకోవచ్చు, ముఖం చూపించక్కర్లేదు, జవాబు వెంటనే వినక్కర్లేదు అన్నప్పుడు మనుషులు ఎదురుగా అనలేని మాటలు తెర వెనక అనేస్తారని వివరించారు. పెద్దల విషయంలోనే ఇది నిజం. ఇంకా మనసు కుదుటపడని పద్నాలుగేళ్ల పిల్లల సంగతి వేరే చెప్పాలా?

అయిదోది, అబద్ధాన్ని నిజంలా తయారుచేసే సులువు. ఒకప్పుడు ఫొటో మార్చాలంటే స్టూడియోవాడికే తెలిసిన పని. ఇప్పుడు కృత్రిమ మేధ యాప్‌లతో ఎవరి ముఖాన్నైనా ఎవరి శరీరానికైనా అతికించవచ్చు, ఎవరి గొంతునైనా అనుకరించవచ్చు. దానికి వాట్సాప్ డీపీలో ఉన్న ఒక్క ఫొటో చాలు.

వీటన్నిటికీ తోడు లైకుల లెక్క ఒకటి ఉంది. ఎక్కువమంది చూసినదాన్నే యాప్ మరింతమందికి చూపిస్తుంది. మర్యాదగా పెట్టిన పోస్టు కంటే ఒకరిని నవ్వులపాలు చేసిన రీల్‌కే చూపు ఎక్కువ పడుతుంది. దాంతో ఎగతాళికి బహుమతి దొరికినట్లు పిల్లలకు అనిపిస్తుంది.

దూరపు మాట కాదు

2021 జులైలో ఒక యాప్‌లో మన దేశపు ముస్లిం మహిళల ఫొటోలను వారికి తెలియకుండా తీసి ‘వేలానికి’ పెట్టారు. 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’ అనే పేరుతో అదే పని మళ్లీ జరిగింది. అమ్మకం నిజంగా ఏదీ లేదు. అవమానించడమే ఉద్దేశం. పాత్రికేయులు, విద్యార్థినులు, వయసు పైబడిన తల్లులు కూడా ఆ జాబితాలో ఉన్నారు. ఆ కేసులో ఆరోపణలపై అరెస్టయినవారి వయసు చూసి దేశం ఆశ్చర్యపోయింది. వారిలో 18 ఏళ్ల అమ్మాయి ఉంది, ఇరవై ఒక్క ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థులు ఉన్నారు. వారు కూడా ఏదో ఒక బడిలో, ఏదో ఒక టీచర్ ముందు కూర్చుని చదువుకున్నవారే.

2023 నవంబరులో నటి రష్మికా మందన్న ముఖాన్ని వేరొక మహిళ వీడియోకు అతికించిన డీప్‌ఫేక్ అందరి ఫోన్లలో తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసిన నిందితుడు మన గుంటూరు జిల్లాకు చెందిన ఇరవై నాలుగేళ్ల యువకుడు. ఆమె పేరుతో తాను నడిపే అభిమానుల పేజీకి ఫాలోయర్లు పెరగాలని ఈ పని చేశాడని పోలీసులు చెప్పారు. ఇక్కడ పగ లేదు, ద్వేషం లేదు. చూసేవారి సంఖ్య పెంచుకోవాలనే ఆశ ఒక్కటే. పేరున్న నటి కాబట్టి దేశమంతా మాట్లాడింది. మన వీధిలోని తొమ్మిదో తరగతి అమ్మాయికి అదే జరిగితే ఆమె తరఫున మాట్లాడేది ఎవరు?

బాధపడిన పిల్లకే శిక్ష

2019లో యునిసెఫ్ 30 దేశాల యువతను ఫోన్ల ద్వారా ప్రశ్నించింది. ముగ్గురిలో ఒకరు తాము ఆన్‌లైన్ వేధింపుకు గురయ్యామన్నారు. ప్రతి అయిదుగురిలో ఒకరు దాని కారణంగా బడి ఎగ్గొట్టామన్నారు. హాజరుపట్టీ చేతిలో పట్టుకునే మాకు ఈ రెండో సంఖ్య బాగా అర్థమవుతుంది. కారణం చెప్పకుండా సోమవారాలు మానేసే పిల్ల, ఫోన్ మోగగానే ఉలిక్కిపడే పిల్లవాడు, మార్కులు ఒక్కసారిగా తగ్గినవారు, టిఫిన్ డబ్బా ముట్టకుండా తీసుకెళ్లేవారు, స్నేహితులను వదిలి ఒంటరిగా కూర్చునేవారు, ఇవి గమనించవలసిన గుర్తులు.

అయితే పిల్లలు ఎందుకు చెప్పరు? మేము అడిగినప్పుడు ఆడపిల్లలు చెప్పే మాట దాదాపు ఒకటే. “టీచర్, అబ్బాకు తెలిస్తే చదువు మాన్పిస్తారు.” అది ఉత్త భయం కాదు. మన ఇళ్లలో జరిగేదే. ఫొటో మార్చినవాడు మర్నాడు మామూలుగా బడికి వస్తాడు. ఫొటోలో ఉన్న అమ్మాయి ఇంట్లో కూర్చుంటుంది. ముందు ఫోన్ లాక్కుంటారు, తర్వాత ట్యూషన్ ఆపుతారు, ఆ తర్వాత పదో తరగతి పరీక్ష కూడా రాయనివ్వకుండా పెళ్లి మాటలు మొదలుపెడతారు. పరువు కాపాడుకోవాలనే తాపత్రయమే తప్ప ఆ తల్లిదండ్రులకు బిడ్డ మీద ప్రేమ లేక కాదు. కానీ ఫలితం ఏమిటి? తప్పు చేసినవాడు కోరుకున్నదే మనం పూర్తిచేసి ఇస్తున్నాం. ఆరేళ్లపాటు మీరు కట్టిన ఫీజు అక్కడితో ఆగిపోతుంది.

ఇంకొక నష్టం కూడా ఉంది. చెబితే చదువు పోతుందని తెలిసిన పిల్ల చెప్పదు. చెప్పదని తెలిసిన వేధించేవాడు బెదిరింపు పెంచుతాడు. డబ్బు అడుగుతాడు, మరిన్ని ఫొటోలు అడుగుతాడు. ఇంట్లో ఉన్న భయమే అతని చేతిలో ఆయుధమవుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో సైబర్ వేధింపు అనే పేరుతో ప్రత్యేకంగా ఒక చట్టం లేదు. చాలామంది ఇప్పటికీ చెప్పుకునే 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. అంత మాత్రాన దారి లేదని కాదు. 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం ఇతరుల పాస్‌వర్డును లేదా గుర్తింపును మోసంతో వాడుకుంటే 66సి కింద, మరొకరిలా నటించి మోసం చేస్తే 66డి కింద, ఒకరి శరీర గోప్యతకు భంగం కలిగించే ఫొటో పంచితే 66ఇ కింద మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. వెంటపడి మెసేజ్‌లు పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. ఈ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. బాధితులు 18 ఏళ్ల లోపువారై, విషయం లైంగికమైనదైతే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. బడి పేరు పోతుందని యాజమాన్యం దాచినా అది నేరమే.

వేధించినవారూ పిల్లలే అయితే వారిని జైలుకు పంపరు. 2015 నాటి చట్టం ప్రకారం కేసు జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళుతుంది. అక్కడ కౌన్సెలింగ్‌కు, దిద్దుబాటుకు చోటు ఉంది. కాబట్టి ‘పిల్లవాడి జీవితం పాడవుతుంది’ అని ఫిర్యాదు ఆపవలసిన పని లేదు. దిద్దే చోటికి చేర్చకపోతేనే పాడవుతుంది.

జరిగినప్పుడు ఏం చేయాలి?

ముందుగా బిడ్డను కూర్చోబెట్టి “నీ తప్పు కాదు, మేమున్నాం” అని చెప్పాలి. ఫోన్ లాక్కోకూడదు, కోపంలో అన్నీ డిలీట్ చేయకూడదు. మెసేజ్‌లు, ఐడీ పేరు, లింకు, తేదీ, వేళ భద్రపరచాలి. అయితే 18 ఏళ్ల లోపు పిల్లల అసభ్య చిత్రాన్ని సాక్ష్యం పేరుతో కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయకూడదు. అలాంటి వాటిని ఫోన్‌లో ఉంచుకోవడం కూడా నేరం కావచ్చని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఖాతా వివరాలు రాసుకుని వెంటనే పోలీసుల దగ్గరకు వెళ్లాలి.

వేధించేవాడితో వాదన పెట్టుకోకూడదు, అడిగిన డబ్బు ఇవ్వకూడదు. యాప్‌లోనే రిపోర్ట్ చేసి, తర్వాత బ్లాక్ చేయాలి. అసభ్యమైన లేదా మార్ఫింగ్ చేసిన చిత్రాల మీద బాధితులు ఫిర్యాదు చేస్తే తొలగించడానికి 2021 నాటి ఐటీ నిబంధనలు మొదట 24 గంటల గడువు పెట్టాయి. 18 ఏళ్ల లోపువారి చిత్రాల కోసం ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. అందులో ఫొటోను ఎవరికీ పంపనక్కర్లేదు. ఫోన్‌లోనే ఆ ఫొటోకు ఒక అంకెల గుర్తు తయారవుతుంది. ఆ సేవలో చేరిన సంస్థలు ఆ గుర్తును బట్టి తమ వేదికల మీద ఆ చిత్రాన్ని పట్టుకుంటాయి.

జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో మహిళలు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదును పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు. డబ్బు పోయి ఉంటే 1930కి, పిల్లలకు ఏ సాయం కావాలన్నా 1098కి ఫోన్ చేయాలి. మనసు బాగా కుంగిన పిల్లల కోసం టెలీమానస్ 14416లో తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. తెలంగాణలో 2014 నుంచి పనిచేస్తున్న షీ టీమ్స్‌ను కూడా సంప్రదించవచ్చు.

దాతలు చేయగలిగినది

పీడనను బయటినుంచి వచ్చే పోలీసు ఒక్కడే ఆపలేడు. గ్రూపులో ఉన్న నలభై మందిలో ఇద్దరు “ఇది ఆపండిరా” అంటే చాలాసార్లు ఆగిపోతుంది. ఆ ఇద్దరిని తయారుచేయడమే చదువు పని. గీబత్ పాపమని మన ఇళ్లలో పిల్లలకు చిన్నప్పుడే చెబుతాం. నోటితో అన్నా, వేలితో ఫార్వర్డ్ చేసినా అదే గీబత్ అని కూడా చెప్పాలి. ఈ ఒక్క మాట పిల్లలకు ఎంత సులువుగా అర్థమవుతుందో మేము తరగతిలో చూశాం.

మీరు ఇచ్చే సాయంలో కొంత భాగాన్ని ఈ పనులకు కేటాయించమని కోరుతున్నాం. ఫోన్ లేదా ట్యాబ్ ఇచ్చే ప్రతిచోటా ఒక పూట శిక్షణ కూడా ఇవ్వాలి, అది లేకుండా ఫోన్ చేతికి ఇవ్వకూడదు. రెండు మూడు బడులు కలిసి పంచుకునేలా ఒక మహిళా కౌన్సెలర్‌కు జీతం ఏర్పాటు చేయవచ్చు. తల్లులకు ఆదివారం సమావేశాలు పెట్టి, తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చువేసిన ఒక పేజీ కాగితం ఇవ్వవచ్చు. అందులో పై ఫోన్ నంబర్లు, ప్రొఫైల్ లాక్ చేసే పద్ధతి ఉంటే చాలు. అన్నిటికంటే ముఖ్యంగా, స్కాలర్‌షిప్పు ఇచ్చేటప్పుడు తండ్రి దగ్గర ఒక మాట తీసుకోండి: ఆన్‌లైన్‌లో ఎవరు ఏం చేసినా బిడ్డ చదువు మాత్రం ఆపనని. మీరు అడిగితే ఆ మాటకు బరువు ఉంటుంది. దాత ముందు ఇచ్చిన మాటను మన ఇళ్లలో తేలిగ్గా తప్పరు.

ఫోన్‌ను వెనక్కి తీసుకోవడం ఇక కుదిరే పని కాదు. పాఠం, పరీక్ష ఫలితం, ఉద్యోగం దరఖాస్తు, అన్నీ దానిలోనే ఉన్నాయి. కుదిరే పని ఒకటుంది. ఏ రాత్రి ఏ మెసేజ్ వచ్చినా, పొద్దున లేచి ధైర్యంగా చెప్పుకోగల ఒక పెద్దమనిషి ప్రతి పిల్లకూ ఉండేలా చూడటం. ఆ పెద్దమనిషి తండ్రి కావచ్చు, టీచర్ కావచ్చు, ఫీజు కట్టిన దాత కావచ్చు. అలాంటివారు ఉన్నారని నమ్మకం కుదిరిన పిల్లలు చదువు మధ్యలో వదిలిపెట్టరు.